ఉబుంటులో వార్మ్‌హోల్ పెట్టబోతే పిప్ ఒప్పుకోవట్లేదు, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. దిల్‌సుఖ్‌నగర్‌లో మీ లాప్‌టాప్, అందులో ఉబుంటు 24.04. అక్క పెళ్లి వీడియో 38 జీబీ ఉంది, కూకట్‌పల్లిలో ఉన్న ఎడిటర్‌కి పంపాలి, ఆయనది విండోస్. క్లౌడ్‌లో ఫ్రీగా ఇచ్చే జాగా చాలదు కాబట్టి టెర్మినల్ నుంచి నేరుగా పంపే మ్యాజిక్ వార్మ్‌హోల్ పెట్టుకుందామని "పిప్ ఇన్‌స్టాల్ మ్యాజిక్-వార్మ్‌హోల్" కొట్టారు (పిప్ అంటే పైథాన్ భాషలో రాసిన టూల్స్‌ని తెచ్చి పెట్టే ప్రోగ్రామ్). "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్ వచ్చింది. ఆ ఎర్రర్ కిందే "--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్" అనే ఆప్షన్ కనబడింది, ముందు సుడో (కమాండ్‌ని అడ్మిన్ అధికారంతో నడిపే మాట) తగిలించి అది కొట్టేయమని మీ ఫ్రెండ్ చెప్పాడు. కొట్టొచ్చా అని అడిగారు.

కొట్టొద్దు. వార్మ్‌హోల్ ఉబుంటు సొంత రిపాజిటరీలోనే, అంటే ఉబుంటు వాళ్ల సాఫ్ట్‌వేర్ భండారంలోనే ఉంది, అక్కడి నుంచి తెచ్చి పెట్టేది ఆప్ట్. "సుడో ఆప్ట్ అప్‌డేట్", ఆ తర్వాత "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మ్యాజిక్-వార్మ్‌హోల్", అంతే, పిప్‌తో పనే లేదు. ప్యాకేజీ దొరకలేదని వస్తే యూనివర్స్ రిపాజిటరీ ఆఫ్‌లో ఉన్నట్టు, "సుడో యాడ్-ఆప్ట్-రిపాజిటరీ యూనివర్స్" కొట్టి మళ్లీ ప్రయత్నించండి. (కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.)

కానీ అసలు మాట ఇంకోటి ఉంది. మీ పనికి, అంటే 38 జీబీ ఒక విండోస్ మెషిన్‌కి పంపడానికి, వార్మ్‌హోల్ కంటే క్రాక్ అనే టూల్ నయం. మధ్యలో నెట్ పోతే క్రాక్ ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టగలదు, వార్మ్‌హోల్‌కి ఆ సౌకర్యం లేదు. 36 జీబీ వెళ్లాక రౌటర్ ఒక్కసారి రీస్టార్ట్ అయినా వార్మ్‌హోల్‌తో మళ్లీ సున్నా నుంచే. దాని సంగతి కింద వివరంగా రాస్తాను, ముందు ఆ పిప్ ఎర్రర్ గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే రేపు ఇంకో టూల్ పెట్టబోయినా ఇదే ఎర్రర్ మీ ముందుకొస్తుంది.

ఉబుంటులో పైథాన్ మీ ఒక్కరి కోసం ఉన్నది కాదు. సిస్టమ్‌లో చాలా పనులు దాని మీదే నడుస్తాయి. ఇందాక చెప్పిన యాడ్-ఆప్ట్-రిపాజిటరీ పైథాన్‌లో రాసిందే, యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పైథానే, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే పడేలా చూసే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ కూడా అంతే. వీటికి కావాల్సిన లైబ్రరీలు (ప్రోగ్రామ్‌లు వాడుకునే రెడీమేడ్ కోడ్) ఆప్ట్ తెచ్చి ఒక చోట పెడుతుంది. మీరు సుడోతో పిప్ నడిపితే అది కొత్త వెర్షన్లు తెచ్చి "/యూఎస్ఆర్/లోకల్" కింద వేరే చోట పెడుతుంది, పైథాన్ వెతికేటప్పుడు ముందు చూసేది ఆ చోటే. అంటే ఆప్ట్ పెట్టిన లైబ్రరీ అక్కడే ఉన్నా సిస్టమ్‌కి కనబడేది పిప్ తెచ్చినదే. ఆ రెంటికీ పొసగకపోతే ఎక్కడో సంబంధం లేని చోట ఎర్రర్ పుడుతుంది. ఈ గొడవలు ఎక్కువైపోయే పైథాన్ వాళ్లు పెప్ 668 అని ఒక నియమం తెచ్చారు, ఉబుంటు 23.04 నుంచి, డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది. మీకు వచ్చిన ఎర్రర్ అదే. ఆ ఆప్షన్ పేరులోనే "బ్రేక్" అని ఎందుకు పెట్టారో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

వార్మ్‌హోల్ విషయంలో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. అది ఒక్కటే రాదు, ట్విస్టెడ్, క్రిప్టోగ్రఫీ, పైఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి పెద్ద లైబ్రరీలను వెంట తెస్తుంది. వీటిలో క్రిప్టోగ్రఫీ కొత్తదై పైఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పాతదైతే రెండూ కలిసి నడవవు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ ల్యాబ్ మెషిన్లు చూడ్డానికి వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే కనబడింది. విద్యార్థులు ఎవరికి కావాల్సింది వాళ్లు సుడో పిప్‌తో పెట్టుకుంటూ పోయారు, చివరికి పిప్ కమాండే నడవని స్థితి, ఏది కొట్టినా "ఎక్స్509" అంటూ ఏదో ఆట్రిబ్యూట్ లేదని పొడవాటి ఎర్రర్. పైగా సుడో పిప్‌తో పెట్టినవి తీసేయడానికి ఒక్క కమాండ్ ఉండదు, వార్మ్‌హోల్ తీసేసినా అది వెంట తెచ్చిన లైబ్రరీలు అక్కడే ఉండిపోతాయి. ఒక్కో పేరు పట్టుకుని తీయాలి, ఏది ఎవరు తెచ్చారో ఎవరికీ గుర్తుండదు. ఆ మెషిన్లను బాగుచేయడం కంటే ఉబుంటు మళ్లీ వేసుకోవడమే తేలికైంది.

అందుకే నేను ఎవరికైనా చెప్పే వరస ఇది: ముందు ఆప్ట్‌లో ఉందేమో చూడండి. లేకపోయినా, మరీ పాత వెర్షన్ ఉన్నా, పైథాన్ టూల్ అయితే పిప్‌ఎక్స్ వాడండి. అదీ కుదరకపోతే ఆ టూల్ రాసినవాళ్ల రిలీజ్ పేజీ నుంచి బైనరీ (నేరుగా నడిచే రెడీ ఫైలు) దించుకోండి. టూల్ ఏదైనా సరే, అది ఎక్కడి నుంచి వచ్చింది, రేపు దానికి అప్‌డేట్ ఎవరిస్తారు అన్న రెండు ప్రశ్నలకి మీ దగ్గర జవాబు ఉండాలి. ఆప్ట్‌తో పెట్టింది ఆప్ట్ చూసుకుంటుంది. మిగతావన్నీ మీరే చూసుకోవాలి.

పిప్‌ఎక్స్ పద్ధతి మీకు తెలియకపోతే: "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పిప్‌ఎక్స్", తర్వాత "పిప్‌ఎక్స్ ఎన్‌ష్యూర్‌పాత్", తర్వాత "పిప్‌ఎక్స్ ఇన్‌స్టాల్ మ్యాజిక్-వార్మ్‌హోల్". చివరి రెంటికీ సుడో వద్దు. ఇది టూల్‌కి, దాని లైబ్రరీలకి మీ హోమ్ ఫోల్డర్‌లో విడిగా ఒక గది కట్టిస్తుంది, సిస్టమ్ పైథాన్‌ని ముట్టుకోదు. వద్దనుకుంటే "పిప్‌ఎక్స్ అన్‌ఇన్‌స్టాల్" అంటే మొత్తం పోతుంది. ఇందులో కొత్తవాళ్లందరికీ వచ్చే చిక్కు, ఇన్‌స్టాల్ అయ్యాక "కమాండ్ నాట్ ఫౌండ్" రావడం. కమాండ్ మీ హోమ్‌లో ".లోకల్/బిన్" ఫోల్డర్‌లో పడుతుంది, కానీ ఇప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌కి ఆ దారి తెలియదు. టెర్మినల్ మూసి తెరవండి, అప్పటికీ రాకపోతే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. దీనికోసం మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఇన్‌స్టాల్ మధ్యలో "పైథాన్.హెచ్" దొరకలేదని వస్తే "పైథాన్3-డెవ్", "బిల్డ్-ఎసెన్షియల్" ప్యాకేజీలు ఆప్ట్‌తో పెట్టుకోండి, "ఎఫ్‌ఎఫ్‌ఐ.హెచ్" అంటే "లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ-డెవ్", "సోడియం.హెచ్" అంటే "లిబ్‌సోడియం-డెవ్".

స్నాప్ (ఉబుంటులో ఆప్ట్ కాకుండా ఇంకో ఇన్‌స్టాల్ పద్ధతి) గురించి మీరు అడగలేదు కానీ సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో వెతికితే అదే ముందు కనబడుతుంది కాబట్టి చెప్తున్నా. స్నాప్ ప్యాకేజీలు చాలావరకు కట్టడిలో నడుస్తాయి, మీ హోమ్ ఫోల్డర్ వరకే చూడగలవు. పెళ్లి వీడియో మీ దగ్గర ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉంటే అది "/మీడియా" కింద మౌంట్ అవుతుంది, స్నాప్‌తో పెట్టిన టూల్‌కి అక్కడికి విడిగా అనుమతి ఇస్తే తప్ప ఆ ఫైలే కనబడదు. ఫైల్ ఎదురుగా ఉన్నా "పర్మిషన్ డినైడ్" అంటుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఇప్పుడు క్రాక్ సంగతి. వార్మ్‌హోల్ పైథాన్‌లో రాసింది, క్రాక్ గో భాషలో రాసింది. గో భాషలో రాసిన టూల్ ఒకే ఒక్క బైనరీ ఫైలుగా వస్తుంది, లైబ్రరీల గొడవ ఉండదు. మీ ఎడిటర్ గారికి ఇది చాలా పెద్ద విషయం, ఆయన విండోస్‌లో పైథాన్ పెట్టుకోనక్కర్లేదు, జిప్ ఫైలు దించుకుని విప్పుకుంటే చాలు.

మీ వైపు ముందు "ఆప్ట్ పాలసీ క్రాక్" కొట్టండి. మీ రిపాజిటరీలో ఉంటే ఏ వెర్షనో "క్యాండిడేట్" అన్న చోట కనబడుతుంది. ఇక్కడ మాత్రం నా వరసకి ఒక మినహాయింపు ఉంది: రెండు వైపులా వెర్షన్ దగ్గర దగ్గరగా ఉండాలి. ఆప్ట్ మీకు 9వ వెర్షన్ ఇచ్చి, ఎడిటర్ గారు నెట్ నుంచి 10 దించుకుంటే కలవకపోవచ్చు, కలిసినా వాడే పద్ధతిలో తేడా ఉంది. అందుకని మీ విషయంలో ఇద్దరూ గిట్‌హబ్‌లో క్రాక్ రిలీజ్ పేజీ నుంచి ఒకే వెర్షన్ దించుకోవడం మేలు. "యూనేమ్ -ఎమ్" కొట్టి "ఎక్స్86_64" వస్తే లినక్స్ 64 బిట్ ఫైలు, "ఏఆర్చ్64" వస్తే ఆర్మ్64 ఫైలు. అదే పేజీలో చెక్‌సమ్ ఫైలు (దించుకున్నది చెడిపోలేదని సరిచూసుకునే అంకెలు) కూడా ఉంటుంది, "షా256సమ్" కమాండ్‌తో సరిచూసుకోండి, అర నిమిషం పని. తర్వాత విప్పి ఆ బైనరీని "సుడో ఇన్‌స్టాల్ క్రాక్ /యూఎస్ఆర్/లోకల్/బిన్/" అని పెట్టేస్తే అయిపోయింది. "క్రాక్ --వెర్షన్" కొట్టి ఇద్దరూ ఫోన్లో సరిచూసుకోండి.

కర్ల్ (నెట్ నుంచి ఫైలు దించే కమాండ్) కొట్టి ఆ వచ్చిన స్క్రిప్టుని చదవకుండానే నేరుగా బ్యాష్‌కి ఇచ్చి నడిపించేసే ఒక్క లైను పద్ధతి కూడా క్రాక్ వాళ్లు ఇస్తారు. తేలికే, కానీ నేను అలా నడపను, ఎవరికీ చెప్పను. ఏ టూల్ అయినా సరే, ఆ స్క్రిప్టుని ముందు ఫైలుగా దించుకుని, తెరిచి చదివి, తర్వాత నడపండి. చదవడం రాకపోతే ఆ పద్ధతి వదిలేయండి, పైన చెప్పిన దారి ఉందిగా.

పంపేటప్పుడు "క్రాక్ సెండ్" పక్కన ఫైలు పేరు. మొదట ఫైలంతా చదివి హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) లెక్కిస్తుంది, 38 జీబీ కదా, పాత హార్డ్ డిస్క్ అయితే కొన్ని నిమిషాలు ఏమీ జరగనట్టు ఉంటుంది, హ్యాంగ్ అయిందని కంట్రోల్ సి కొట్టకండి. తర్వాత ఒక కోడ్ ఇస్తుంది, అది ఎడిటర్ గారికి చెప్తే ఆయన "క్రాక్" అని కొట్టి ఆ కోడ్ ఇస్తారు, మొదలవుతుంది. విండోస్‌లో కమాండ్ పక్కనే కోడ్ ఇవ్వొచ్చు. లినక్స్‌లో మాత్రం 10వ వెర్షన్ నుంచి అలా ఒప్పుకోదు, "క్రాక్_సీక్రెట్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (టెర్మినల్ తన దగ్గర గుర్తుపెట్టుకునే విలువ) ఇవ్వమంటుంది. దీనికి మంచి కారణమే ఉంది: లినక్స్‌లో కమాండ్ లైన్‌లో రాసింది ఏదైనా ఆ మెషిన్‌లో ఉన్న ప్రతి యూజర్‌కీ "పీఎస్" (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చూపే కమాండ్) కొడితే కనబడుతుంది, పదిమంది లాగిన్ అయ్యే సర్వర్‌లో ఇంకొకరు ఆ కోడ్ చూసి మీకంటే ముందే ఫైలు లాగేసుకోవచ్చు. 2023లో ఈ లోపం బయటపెట్టాకే మార్చారు. పాత బ్లాగులు చూసి కోడ్ పక్కన పెడితే లినక్స్‌లో ఎర్రర్ రావడానికి కారణం ఇది.

మధ్యలో తెగిపోయిందనుకోండి. మీరు మళ్లీ "క్రాక్ సెండ్" కొట్టండి, కొత్త కోడ్ వచ్చినా ఫరవాలేదు. ఎడిటర్ గారు అదే ఫోల్డర్‌లో, సగం వచ్చిన ఫైలుని తీసేయకుండా, మళ్లీ అందుకోవాలి. అప్పుడు "రెజ్యూమ్" చేయాలా అని అడుగుతుంది, వై కొట్టాలి. ఊరికే ఎంటర్ కొడితే వద్దన్నట్టు లెక్క. ఇది ఆయనకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే సగం ఫైలు చూసి పాడైందనుకుని డిలీట్ చేస్తారు, చాలామంది చేసేది అదే.

పేర్ల గురించి ఒక జాగ్రత్త. మనవాళ్లు ఫైలుకి "ముహూర్తం 10:42" అని పేరు పెట్టేస్తారు. లినక్స్‌కి ఏం బాధ లేదు, విండోస్‌లో మాత్రం ఫైలు పేరులో కోలన్ ఉండకూడదు, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు (*) కూడా ఉండకూడదు. అవి తీసేసి పంపండి. అలాగే ఎడిటర్ గారు నేరుగా పెన్ డ్రైవ్‌లోకి దించుకుంటానంటే అది ఫ్యాట్32 కాకుండా చూసుకోమనండి, అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు.

టైమ్ ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోండి. మీ ప్లాన్‌లో డౌన్‌లోడ్ స్పీడ్ కాదు, అప్‌లోడ్ స్పీడ్ చూడాలి. 100 ఎమ్‌బీపీఎస్ అప్‌లోడ్ నిజంగా వస్తుంటే సెకనుకి 12.5 ఎంబీ, 38 జీబీకి ఇంచుమించు 51 నిమిషాలు. 20 ఎమ్‌బీపీఎస్ అయితే 4 గంటల పైనే. ఫోన్ హాట్‌స్పాట్‌తో అయితే డేటా లిమిట్ దగ్గరే ఆగిపోతుంది, ఆ ఆలోచన వద్దు. ఇంకో సంగతి, రెండు మెషిన్లూ ఒకే వైఫైలో ఉంటే ఈ టూల్స్ నేరుగా ఒకదానికొకటి మాట్లాడుకుంటాయి. మీలా వేరువేరు ఇళ్లలో ఉంటే క్రాక్ డేటా మధ్యలో ఒక రిలే సర్వర్ (ఒకరి నుంచి అందుకుని ఇంకొకరికి చేరవేసే మెషిన్) మీదుగా వెళ్తుంది. స్పీడ్ ఆ రిలే మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి పై లెక్క కంటే ఎక్కువే పట్టొచ్చు. డేటా మీ దగ్గరే ఎన్‌క్రిప్ట్ అయి బయల్దేరుతుంది, రిలే నడిపేవాళ్లకి లోపల ఏముందో కనబడదు, ఆ భయం అక్కర్లేదు. మీకంటూ పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న సర్వర్ ఉంటే "క్రాక్ రిలే" అని సొంత రిలే నడుపుకోవచ్చు, 9009 నుంచి 9013 వరకు పోర్టులు తెరవాలి. ఒక్క పెళ్లి వీడియోకి అంత హంగామా అనవసరం.

హాస్టల్, పీజీ వైఫైల్లో మాత్రం ఒకే వైఫైలో ఉన్నా ఒక మెషిన్‌కి ఇంకో మెషిన్ కనబడకుండా కట్ చేసి ఉంచుతారు. మాదాపూర్ వైపు పీజీల్లో ఉండే కుర్రాళ్లు పక్క మంచం మీద ఉన్న స్నేహితుడికి పంపినా ఎందుకింత నెమ్మది అని అడుగుతుంటారు, కారణం ఇదే, పక్క మంచానికి వెళ్లే ఫైలు కూడా రిలే దాకా వెళ్లొస్తోంది. ఒకరు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఇద్దరూ దానికి కనెక్ట్ అయితే నేరుగా వెళ్తుంది.

లాప్‌టాప్ నిద్రపోకుండా చూసుకోవడం మర్చిపోకండి. చాలా ట్రాన్స్‌ఫర్లు తెగేది నెట్ వల్ల కాదు, స్క్రీన్ ఆగి సస్పెండ్ అవ్వడం వల్ల. "సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ క్రాక్ సెండ్" అని మొదలుపెడితే ఆ కమాండ్ నడిచినంతసేపూ సిస్టమ్ తనంతట తాను సస్పెండ్ అవ్వదు. అయినా మూత మూయకండి, ఛార్జర్ తీయకండి. వేసవి సాయంత్రాలు కరెంట్ పోయే ఏరియా అయితే రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

కోడ్ ఫోన్ చేసి చెప్పండి, గ్రూపుల్లో పెట్టకండి. ఆ కోడ్ ఎవరి దగ్గరుంటే ఫైలు వాళ్లది. వార్మ్‌హోల్ కోడ్‌లో ఒక నంబరు, రెండు ఇంగ్లీషు మాటలే ఉంటాయి, అంత చిన్నది ఎవరైనా ఊహించేస్తారేమో అనిపిస్తుంది. కానీ తప్పు కోడ్ ఒక్కసారి కొడితే చాలు, ఆ ట్రాన్స్‌ఫర్ అక్కడికి రద్దవుతుంది, ఊహించేవాడికి దొరికేది 65,536లో ఒక్క అవకాశం. క్రాక్‌లో కూడా ఇదే తరహా లెక్క వాడారు. కాబట్టి ప్రమాదం ఊహించేవాళ్లతో కాదు, మీరు కోడ్ ఎక్కడ పెడుతున్నారన్న దానితోనే.

అంతా అయ్యాక ఒక్కసారి సరిచూసుకోండి. మీ వైపు "షా256సమ్" పక్కన ఫైలు పేరు, ఆయన వైపు విండోస్‌లో "సర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్" పక్కన ఫైలు పేరు, చివర "షా256". రెండు వైపులా వచ్చిన అంకెలు, అక్షరాలు ఒకటే అయితే ఫైలు చెక్కుచెదరకుండా చేరినట్టు. అది చూసేదాకా మీ దగ్గరున్న ఒరిజినల్ తీయొద్దు. చేరాక కూడా తీయొద్దనే అంటాను, అక్క పెళ్లి మళ్లీ షూట్ చేయలేరు కదా.

వార్మ్‌హోల్ పనికిరాదని మాత్రం అనుకోవద్దు. ఆప్ట్‌తో పెట్టుకుని ఉంచుకోండి, ఒక ఎస్‌ఎస్‌హెచ్ కీ (దూరపు సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే తాళంచెవి ఫైలు), ఒక కాన్ఫిగ్ ఫైలు, కొద్దిపాటి ఎంబీల డాక్యుమెంట్లు ఇంకో లినక్స్ మెషిన్‌కి పంపడానికి నేను ఇప్పటికీ దాన్నే వాడతాను. అవతలి వెర్షన్ కాస్త అటూ ఇటూ అయినా మామూలుగా పని జరుగుతుంది. అవతలివైపు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ఉన్న సర్వర్ అయితే ఈ రెండూ వద్దు, "ఆర్‌సింక్ --పార్షియల్ --ప్రోగ్రెస్" చాలు.

మీ ఇంట్లో అప్‌లోడ్ స్పీడ్ మరీ 10 ఎమ్‌బీపీఎస్ లోపే ఉంటే ఇదంతా పక్కన పెట్టి హార్డ్ డిస్క్‌లో కాపీ తీసుకుని మెట్రో ఎక్కండి. దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి రెండూ రెడ్ లైన్ మీదే, రైలు మారే పని కూడా లేదు. 10 ఎమ్‌బీపీఎస్ మీద ఆ ఫైలు వెళ్లడానికి 8 గంటల పైన పడుతుంది, మీరు ఇచ్చేసి, టీ తాగి, ఇంటికి తిరిగి రావచ్చు.

ఇప్పటికే మీ ఫ్రెండ్ చెప్పిన సుడో పిప్ కమాండ్ కొట్టేసి ఉంటే ఆప్ట్ ఇన్‌స్టాల్ చేసే ముందు ఆగండి. "పిప్ లిస్ట్ --పాత్" పక్కన "/యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.12/డిస్ట్-ప్యాకేజెస్" అని కొట్టి ఏం వస్తుందో ఇక్కడ పెట్టండి, దానితోపాటు "ఆప్ట్ పాలసీ క్రాక్" ఏమంటోందో కూడా. ఏవి తీయాలో చూసి చెప్తాను.